షాపు పనికి సరిపడా టెర్మినల్ నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నకిరేకల్_జిరాక్స్

అందరికీ నమస్తే. మాది నకిరేకల్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. పాత సిస్టమ్‌కు విండోస్ 11 ఎక్కలేదు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని చెప్పింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది కదా, అందుకని మా మేనల్లుడు దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి హాస్టల్‌కు వెళ్లిపోయాడు. బ్రౌజర్, ప్రింటర్ అన్నీ మంచిగనే నడుస్తున్నాయి. కానీ ఫోన్ చేసి ఏది అడిగినా "మామా, టెర్మినల్ తెరువు" అంటాడు. తెరుస్తా. నల్ల స్క్రీన్ నన్ను చూస్తది, నేను దాన్ని చూస్తా.

నాకు ప్రోగ్రామింగ్ వద్దు. రోజూ పడే పనులు ఇవి: దరఖాస్తులకు ఫోటోల సైజు తగ్గించడం, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కలపడం, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతే సరిచేసి ఇవ్వడం. వీటికి ఎంత వస్తే చాలు? యూట్యూబ్‌లో వంద కమాండ్లు అంటూ గంటన్నర వీడియోలు ఉన్నాయి. సగంలోనే ఎవరో ఒకరు జిరాక్స్‌కు వస్తారు.

పాలమూరు_లెక్కలసారు

నమస్తే అన్నా. ఆ వంద కమాండ్ల వీడియో పక్కన పెట్టండి. మా స్కూల్లో పిల్లలకు నేను మొదట చెప్పేది ఇంతే: ఎక్కడున్నాం, ఇక్కడ ఏమున్నాయి, అక్కడికి ఎట్లా పోవాలి.

ఇక్కడ కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టండి.

పీడబ్ల్యూడీ కొట్టి ఎంటర్ నొక్కితే మీరు ఏ ఫోల్డర్లో ఉన్నారో చూపిస్తుంది. ఎల్‌ఎస్ కొడితే అందులో ఏమున్నాయో చూపిస్తుంది. సీడీ, ఒక స్పేసు, ఫోల్డర్ పేరు కొడితే లోపలికి పోతారు. సీడీ తర్వాత స్పేసు ఇచ్చి రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి. ఉత్త సీడీ కొడితే ఎక్కడున్నా మీ హోమ్ ఫోల్డర్‌కు వచ్చేస్తారు. దారి తప్పినట్టు అనిపిస్తే అదే గతి.

అసలు విద్య మాత్రం ట్యాబ్ కీ. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే నింపుతుంది. నింపలేదంటే ఆ పేరు అక్కడ లేదు, లేదా అవే అక్షరాలతో ఇంకొన్ని ఉన్నాయి. ఇంకోసారి నొక్కితే అవన్నీ చూపిస్తుంది. పేరు మధ్యలో స్పేసు ఉన్నా ట్యాబే చూసుకుంటుంది. మీరే కొట్టేటట్టయితే పేరుకు రెండు వైపులా కోట్స్ పెట్టాలి. లేకపోతే "ఆధార్ కాపీ" అనే ఒక్క ఫైలును ఆధార్ ఒకటి, కాపీ ఒకటి అనుకుని రెండూ లేవంటుంది.

పై బాణం నొక్కితే ఇంతకుముందు కొట్టింది మళ్లీ వస్తుంది. రోజూ ఒకే పని చేసేవాళ్లకు ఇది పెద్ద ఆస్తి.

మిల్లు_మునీమ్

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తా, విండోస్ మనిషిని. అడగొద్దు గానీ అడుగుతున్నా: ఇదంతా మౌస్‌తో అయ్యే పనే కదా? రైట్ క్లిక్ కొట్టి రీనేమ్ చేసుకునే దానికి ఈ అక్షరాల తిప్పలు ఎందుకు? 1981 నాటి డాస్ కాలానికి వెనక్కి పోయినట్టుంది. నాకు టాలీ, ఎక్సెల్ ఉంటే చాలు.

వనపర్తి_కోడ్

మునీమ్ అన్నా, డాస్ కంటే ముందు నుంచే ఉంది ఈ కథ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. ఒక కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని నేరుగా ఇంకో కమాండ్‌కు అందించే పైప్ 1973లో వచ్చింది, డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఆలోచన అది. ఇవాళ మింట్‌లో నిలువు గీత పెట్టి మనం వాడేది అదే. తర్వాత 1989లో బ్యాష్, 1991లో లినక్స్...

పాలమూరు_లెక్కలసారు

తమ్మీ, అన్న అడిగింది ఫోటో సైజు.

వనపర్తి_కోడ్

సరే సార్, సరే. ఒక్క ఉదాహరణ ఇచ్చి ఆగుతా. డిస్క్ నిండిపోయిందని మెసేజ్ వచ్చినప్పుడు ఏ ఫోల్డర్ ఎంత తింటోందో చూడాలంటే: డీయూ -ఎస్‌హెచ్ * | సార్ట్ -హెచ్. మొదటిది ఒక్కో ఫోల్డర్ బరువు లెక్కేస్తుంది, రెండోది చిన్న దాని నుంచి పెద్ద దాకా పేరుస్తుంది. అన్నిటికన్నా బరువైనది చివర్లో మీ కళ్ల ముందే ఉంటుంది. మౌస్‌తో అయితే ఒక్కో ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి చూడాలి.

నకిరేకల్_జిరాక్స్

సారూ, సీడీ, ఎల్‌ఎస్ వచ్చేశాయి. ట్యాబ్ మాత్రం నిజంగా బాగుంది. రెండు డౌట్లు. మీరు రాసింది కాపీ చేసి టెర్మినల్లో కంట్రోల్+వి కొడితే రావడం లేదు. అక్కడున్నది కంట్రోల్+సి కొడితే కాపీ అవ్వట్లేదు, నడుస్తున్న పని ఆగిపోతోంది.

పాలమూరు_లెక్కలసారు

ఆగాలనే పెట్టారు. టెర్మినల్లో కంట్రోల్+సి అంటే "చేస్తున్నది ఆపు" అని. కాపీకి కంట్రోల్+షిఫ్ట్+సి, పేస్ట్‌కు కంట్రోల్+షిఫ్ట్+వి. ఏదైనా కమాండ్ ఎటూ తేల్చకుండా కూర్చుంటే కంట్రోల్+సి కొట్టి బయటపడొచ్చు. కమాండ్ వివరాలు చెప్పే మాన్యువల్ పేజీ తెరుచుకుని ఎట్లా మూయాలో తెలియకపోతే క్యూ అక్షరం నొక్కండి. కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండు చోట్లే.

ఇంకో సంగతి. కమాండ్ ముందు సూడో పెడితే అడ్మిన్ హక్కుతో నడపమని, అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మింట్‌లో అయితే కొట్టిన కొద్దీ నక్షత్రాలు కనిపిస్తాయి. చాలా లినక్స్‌లలో అవి కూడా కనిపించవు. కీబోర్డ్ పాడైందనుకోకండి, కొట్టేసి ఎంటర్ నొక్కడమే.

వనపర్తి_కోడ్

ఇప్పుడు ఫోటోల పని. రెండు సరుకులు కావాలి, ఒక్కసారి వేసుకుంటే చాలు: సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఇమేజ్‌మ్యాజిక్ జేపెగ్‌ఆప్టిమ్.

ఫోటోలన్నీ ఒక ఫోల్డర్లో వేసి, ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి "ఓపెన్ ఇన్ టెర్మినల్" ఎంచుకోండి. అప్పుడు సీడీ కూడా అక్కర్లేదు, నేరుగా అక్కడే తెరుచుకుంటుంది.

మొదట ఎంకేడీఐఆర్ చిన్నవి. ఇది "చిన్నవి" అనే ఖాళీ ఫోల్డర్ చేస్తుంది, పేరు ఇంగ్లిష్‌లో పెట్టుకోండి.

తర్వాత మోగ్రిఫై -పాత్ చిన్నవి -రీసైజ్ 413ఎక్స్531 *.జేపీజీ. చివర ఆ నక్షత్రం అంటే జేపీజీ ఫైళ్లన్నీ అని. పాస్‌పోర్ట్ ఫోటో 35×45 మిల్లీమీటర్లు కదా, అది 300 డీపీఐలో 413×531 పిక్సెళ్లు అవుతుంది. ఫోటో సాగిపోదు, పొడవు వెడల్పుల నిష్పత్తి అట్లాగే ఉంచి ఆ కొలతల లోపల సరిపోయేలా కుదిస్తుంది. -పాత్ మాత్రం మర్చిపోవద్దు. అది లేకుండా మోగ్రిఫై కొడితే అసలు ఫోటో మీదే రాసేస్తుంది, కస్టమర్ పెద్ద ఫోటో ఇక ఉండదు.

చివరగా జేపెగ్‌ఆప్టిమ్ --సైజ్=45కే చిన్నవి/*.జేపీజీ. ఒక్కొక్కటి 45 కేబీ దగ్గరకు దిగుతుంది. సైట్ వాళ్లు 20 నుంచి 50 అంటే 45 పెట్టుకోవడం మేలు. మరీ తగ్గిస్తే కింది హద్దు దగ్గర కొట్టేస్తారు, మొహం కూడా మసక అవుతుంది.

నకిరేకల్_జిరాక్స్

తమ్మీ, చేశాను. నలభై పైగా ఫోటోలు టీ తాగేలోపే అయ్యాయి. కానీ కొన్ని మాత్రం అట్లనే ఉన్నాయి, "చిన్నవి"లోకి రానే లేదు. అన్నీ స్టూడియో వాళ్ల కెమెరా నుంచి వచ్చినవే.

వనపర్తి_కోడ్

వాటి చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి ఉంటుంది, చూడండి. విండోస్‌కు పెద్ద చిన్న తేడా లేదు. లినక్స్‌కు అవి వేర్వేరు పేర్లు. పై బాణం నొక్కి, చివరి జేపీజీని పెద్ద అక్షరాల్లోకి మార్చి మళ్లీ ఎంటర్ కొట్టండి. తర్వాతి కమాండ్‌లో కూడా అంతే.

నకిరేకల్_జిరాక్స్

అదే. అయిపోయింది.

మిల్లు_మునీమ్

నలభై ఫోటోలు టీ తాగేలోపా? సరే, ఆ లెక్క వేరు. నాకూ ఒక తలనొప్పి ఉంది, విండోస్‌లో పరిష్కారం ఉంటే చెప్పండి. లోడ్ల బిల్లులు, వేబ్రిడ్జి చీటీలు స్కాన్ చేసి నెలకో ఫోల్డర్లో పెడతాం. ఏవి ఉన్నాయి, ఏవి లేవు అని ఎక్సెల్‌లో సరిచూడాలి. ఇప్పటిదాకా మా కుర్రాడు ఒక్కో ఫైలు పేరు చూసి టైప్ చేస్తున్నాడు.

పాలమూరు_లెక్కలసారు

ఆ కుర్రాణ్ని వదిలేయండి మునీమ్ గారూ. ఆ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ కనిపించే పట్టీలో క్లిక్ చేసి, ఉన్నది చెరిపి సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల విండో అదే ఫోల్డర్లో తెరుచుకుంటుంది. అక్కడ: డీఐఆర్ /బి > జాబితా.టీఎక్స్‌టీ

ఫైళ్ల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి ఆ టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయండి, మిగతాది ఎక్సెల్‌లోని మీ వీలుకప్ ఫార్ములా చూసుకుంటుంది. ఆ బాణం గుర్తు స్క్రీన్ మీద పడాల్సిన దాన్ని ఫైల్లోకి పంపుతుంది. ఒక బాణం పెడితే ఆ ఫైల్లో పాతది పోయి కొత్తది వస్తుంది. రెండు బాణాలు పక్కపక్కన పెడితే పాతదాని కింద చేరుస్తుంది. నెలనెలా ఒకే ఫైల్లో కలపాలంటే రెండు పెట్టండి.

మిల్లు_మునీమ్

వచ్చింది. మంచిగనే వచ్చింది. కానీ ఒకటి ఎక్కువ వస్తోంది. ఫోల్డర్లో 212 ఉన్నాయి, జాబితాలో 213.

పాలమూరు_లెక్కలసారు

లెక్కల మనిషి అంటే ఇట్లా ఉండాలి. జాబితా చేయకముందే ఆ టెక్స్ట్ ఫైలును ఖాళీగా తయారు చేసి పెడుతుంది, అందుకని దాని పేరు కూడా జాబితాలో పడింది. డీఐఆర్ /బి *.పీడీఎఫ్ అని కొట్టి బాణం పెడితే పీడీఎఫ్‌లే వస్తాయి. /బి తీసేసి కొడితే తేదీలు, సైజులతో సహా చూపించి, చివర్లో మొత్తం ఎన్ని ఫైళ్లో కూడా చెప్తుంది.

దేవరకొండ_డీటీపీ

చాలా రోజులుగా చదివి వెళ్లిపోతున్నా, ఈసారి నా గోడు కూడా వినండి. పెళ్లి కార్డులు, కరపత్రాలు కొడతాం. ఫైళ్లకు పేర్లు తెలుగులోనే పెడతాను, ఊరు, ఇంటిపేరు, తేదీ అన్నీ కలిపి. ఈమధ్య లినక్స్ సిస్టమ్‌లోకి కాపీ చేస్తుంటే కొన్నిటికి ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఆపేస్తోంది. విండోస్‌లో అవే ఫైళ్లు బాగానే ఉన్నాయి. పైగా టెర్మినల్లో పేర్లు చూస్తే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడి ఉన్నాయి. ఫైళ్లు పాడయ్యాయా అని టెన్షన్.

వనపర్తి_కోడ్

అక్కా, ఫైళ్లకు ఏమీ కాలేదు. టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి ఇస్తుంది. తెలుగులో ఒత్తు కింద పడాలి, గుణింతం పైన కూర్చోవాలి, అది ఆ గడుల్లో ఇమడదు. ఫైల్ మేనేజర్‌లో చూడండి, చక్కగా కనిపిస్తుంది.

పేరు పొడవు సంగతి వేరు. డిస్క్‌లో ఫైళ్లు పేర్చడానికి లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలు పేరుకు 255 బైట్లు హద్దు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగులో యూనికోడ్ సంకేతం ఒక్కోదానికి యూటీఎఫ్-8 అనే రాసే పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. శ్రీ అనే అక్షరమే చూడండి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు సంకేతాలు, 12 బైట్లు. పేరంతా తెలుగే అయితే 85 సంకేతాలకే హద్దు ముగుస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ బైట్లు లెక్కపెట్టదు, 255 సంకేతాల దాకా ఊరుకుంటుంది. అందుకే అక్కడ చెల్లింది ఇక్కడ చెల్లలేదు. కాపీ చేసే ముందు విండోస్‌లోనే పేర్లు కుదించండి. తేదీని అంకెల్లో ముందు పెడితే, 2026-02-14 అన్నట్టు, వరుస కూడా దానంతటదే కుదురుతుంది.

దేవరకొండ_డీటీపీ

చి.ల.సౌ. ఒక్కటి తీసేసినా చాలా మిగిలేట్టుంది. మునీమ్ గారికి చెప్పిన జాబితా నాకూ పనికొచ్చేదే, కానీ నా పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి.

పాలమూరు_లెక్కలసారు

ముందు సీహెచ్‌సీపీ 65001 అని కొట్టి ఎంటర్ నొక్కి, తర్వాత డీఐఆర్ కొట్టండమ్మా. ఆ అంకె యూటీఎఫ్-8ది. నల్ల విండోలో డబ్బాలు కనిపించినా ఫైల్లో తెలుగు సరిగానే పడుతుంది.

నకిరేకల్_జిరాక్స్

ఇక నా పెన్‌డ్రైవ్ గోల. పొద్దున కూడా డిగ్రీ పిల్ల ప్రాజెక్టు రిపోర్టుతో వచ్చింది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లే. ఏడుపొక్కటే తక్కువ.

వనపర్తి_కోడ్

అన్నా, ఆ పనికి మీ మింటే సరైన సిస్టమ్. ఆ వైరస్ చేసేది ఇది: అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు వేసి దాచేస్తుంది, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనక వైరసూ నడుస్తుంది. అట్లా విండోస్ సిస్టమ్‌లోకి ఎక్కి, తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుతుంది. లినక్స్ ఆ దాచే గుర్తులను పట్టించుకోదు, ఆ షార్ట్‌కట్లు దాంట్లో నడవవు. పెన్‌డ్రైవ్‌ను మొదట మింట్‌కే పెట్టండి, ఆమె ఫోల్డర్లు అక్కడ మామూలుగానే కనిపిస్తాయి. ఒకోసారి పేరు లేనట్టు ఉండే ఒక ఫోల్డర్లో అన్నీ కుక్కి ఉంటాయి, దాని లోపల కూడా చూడండి.

ముందు ఆ ఫోల్డర్లను మీ సిస్టమ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో టెర్మినల్ తెరిచి:

ఫైండ్ . -మ్యాక్స్‌డెప్త్ 1 -నేమ్ "*.ఎల్‌ఎన్‌కే"

ఇది షార్ట్‌కట్లను చూపించడం వరకే. జాబితా చదవండి. అన్నీ చెత్తేనని నమ్మకం కుదిరాక పై బాణం నొక్కి, అదే వరుసలో అన్నిటికన్నా చివర -డిలీట్ చేర్చండి. చివర అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. -డిలీట్‌ను -నేమ్ కంటే ముందు పెడితే పేరు చూడకుండానే అన్నీ తుడిచేస్తుంది.

దాచే గుర్తులు మాత్రం ఇంకా అట్లనే ఉంటాయి. ఆ అమ్మాయి ఇంట్లో విండోస్‌లో పెడితే మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి శుభ్రం చేశాక ఏదైనా విండోస్ సిస్టమ్‌లో పెట్టి, సీఎండీలో: ఎట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి ఎఫ్:\*.*

ఎఫ్ ఉన్నచోట పెన్‌డ్రైవ్ అక్షరం ఏదైతే అది. సి మాత్రం పెట్టొద్దు, అక్కడ విండోస్ దాచుకున్నవి దాచే ఉండాలి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ దగ్గర యాక్సెస్ డినైడ్ అంటే అననీయండి.

పాలమూరు_లెక్కలసారు

ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం కమాండ్ గురించి కూడా ఒక మాట. దాంతో తీసేసినవి ట్రాష్‌లోకి పోవు, పోయినవి పోయినట్టే. అలవాటయ్యేదాకా జీఐఓ ట్రాష్, స్పేసు, ఫైలు పేరు అని కొట్టండి. అప్పుడు ట్రాష్‌లో ఉంటాయి, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు.

దేవరకొండ_డీటీపీ

అన్నా, మీది ఆన్‌లైన్ షాపు కాబట్టి ఇది కూడా చెప్తున్నా. ఈమధ్య కొన్ని సైట్లలో "నేను రోబో కాదు" అని నిరూపించుకోమంటూ, విండోస్ కీ+ఆర్ నొక్కి, కంట్రోల్+వి కొట్టి ఎంటర్ నొక్కమంటున్నారు. క్లిక్ చేసినప్పుడే ఒక కమాండ్ మీకు తెలియకుండా క్లిప్‌బోర్డులోకి పెట్టేస్తారు. మీ చేతితో మీరే నడిపినట్టవుతుంది, పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. నిజమైన క్యాప్చా ఏదీ కమాండ్ నడపమని అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మిల్లు_మునీమ్

ఈ మాట మా ఆఫీసులో గోడకు అంటిస్తా.

నకిరేకల్_జిరాక్స్

పెన్‌డ్రైవ్ అయింది, రిపోర్టు దొరికింది. పీడీఎఫ్‌లు కలపడం నేనే వెతికి పట్టుకున్నా: పీడీఎఫ్‌యునైట్, పేజీల పేర్లు వరుసగా, చివర కొత్త ఫైలు పేరు. కానీ నక్షత్రం పెట్టి కలిపితే పదో పేజీ రెండో పేజీ కంటే ముందొచ్చింది.

వనపర్తి_కోడ్

శెభాష్ అన్నా. నక్షత్రం అంకెల విలువ చూడదు, అక్షరాల్లా పేరుస్తుంది, అందుకే 10 వచ్చి 2 ముందు కూర్చుంది. స్కాన్ చేసేటప్పుడే 01, 02 అని పేర్లు పెట్టండి. చివర కొత్త పేరు మాత్రం తప్పక ఇవ్వాలి. అక్కడ పాత ఫైలు పేరు ఉంటే దాన్నే కొత్త ఫైలు అనుకుంటుంది.

నకిరేకల్_జిరాక్స్

ఆఖరిది. మధ్యాహ్నం నేను అన్నానికి పోతే షాపులో కుర్రాడు ఉంటాడు. వాడికి ఆ ఫోటో కమాండ్లు అంత పొడుగు గుర్తుండవు.

వనపర్తి_కోడ్

ఎలియాస్ పెట్టేయండి, అంటే పొడుగు కమాండ్‌కు ఒక పొట్టి పేరు. ఎక్స్‌ఈడీ ~/.బ్యాష్‌ఆర్‌సీ అని కొడితే ఎడిటర్‌లో ఒక ఫైలు తెరుచుకుంటుంది. దాని అట్టడుగున, ఒకే వరుసలో, ఒంటి కోట్స్ మధ్య:

ఎలియాస్ ఫోటో='ఎంకేడీఐఆర్ -పి చిన్నవి && మోగ్రిఫై -పాత్ చిన్నవి -రీసైజ్ 413ఎక్స్531 *.జేపీజీ && జేపెగ్‌ఆప్టిమ్ --సైజ్=45కే చిన్నవి/*.జేపీజీ'

రెండు ఆండ్ గుర్తులు ఉన్నచోట, ముందుది సరిగా అయితేనే తర్వాతది నడుస్తుంది. సేవ్ చేసి టెర్మినల్ మూసి కొత్తది తెరవండి, అప్పుడే పట్టుకుంటుంది. ఇక మీ కుర్రాడు ఫోటోల ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి ఫోటో అని కొడితే చాలు. కెమెరా పెద్ద అక్షరాల ఫోటోలకు ఇంకో ఎలియాస్ రాసుకోండి.

మిల్లు_మునీమ్

విండోస్‌లో ఇట్లాంటిది లేదా? నెలనెలా ఆ డీఐఆర్ కొట్టడానికి మా కుర్రాడికి కూడా ఒక బటన్ కావాలి.

పాలమూరు_లెక్కలసారు

ఉంది. నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుస సీహెచ్‌సీపీ 65001, రెండో వరుస డీఐఆర్ /బి *.పీడీఎఫ్ > జాబితా.టీఎక్స్‌టీ, మూడో వరుస పాజ్. సేవ్ చేసేటప్పుడు పేరు చివర .బ్యాట్ పెట్టి, కింద సేవ్ యాజ్ టైప్‌లో ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. లేకపోతే నోట్‌ప్యాడ్ వెనక .టీఎక్స్‌టీ తగిలిస్తుంది. ఆ ఫైలును ఏ నెల ఫోల్డర్లో వేసి డబుల్ క్లిక్ చేస్తే ఆ నెల జాబితా వస్తుంది. మూడో వరుసలో పాజ్ మర్చిపోతే నల్ల విండో ఇట్లా వచ్చి అట్లా మాయమవుతుంది, తప్పేమైనా చూపించినా చదివే టైం ఉండదు.